వేప్ ఆన్‌లోనే వదిలేస్తే ఛార్జింగ్ దిగిపోతుందా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

పోయిన చలికాలంలో ఒక రాత్రి మా వీధి చివరింట్లో ఉండే కుర్రాడు తలుపు తట్టాడు. గుంటూరు నుంచి ఇక్కడికి, బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌కి, మాస్టర్స్ చేయడానికి వచ్చాడు. సాయంత్రాలు గోడౌన్‌లో పని చేసుకుంటాడు. జేబులోంచి వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్, తీసి నా చేతిలో పెట్టాడు.

"అన్నా, పొద్దున ఫుల్ ఛార్జింగ్ పెట్టి బయల్దేరా. గట్టిగా నాలుగు దమ్ములు కూడా లాగలేదు, ఎర్ర లైటు కొట్టేస్తోంది. ఆఫ్ చేయడం మర్చిపోయా. అందుకేనంటావా?"

నేను ఇక్కడ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు రిపేర్ చేస్తాను. అంతకుముందు కొన్నేళ్లు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ చుట్టూ తిరిగి పని నేర్చుకున్నాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అడిగిన ప్రతివాళ్లూ తప్పు ఆన్ బటన్ మీదకే నెడతారు. సర్క్యూట్ బాగున్న వేప్‌ని రోజంతా ఆన్‌లో వదిలేసినా, దానివల్ల పోయే ఛార్జింగ్ ఒక్క దమ్ముకి ఖర్చయ్యేంత కూడా ఉండదు. పూట తిరిగేసరికి బ్యాటరీ ఖాళీ అయిందంటే మీకు తెలియకుండా కాయిల్ (లిక్విడ్‌ని ఆవిరి చేసే తీగచుట్ట) వేడెక్కుతోందని అనుమానించాలి. అప్పుడు ఛార్జింగ్ కన్నా మీ జేబు గురించి ముందు ఆలోచించాలి.

అసలు విషయంలోకి వెళ్లేముందు రెండు మాటలు. మన దేశంలో వేప్‌లు నిషేధం. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్ వచ్చింది, అదే ఏడాది చివర్లో చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలకు మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచుకున్నా శిక్ష ఉంది. కాబట్టి ఇది బ్రిటన్ లాంటి చోట్ల, చట్టం ఒప్పుకున్న దేశాల్లో ఉంటూ ఇప్పటికే వాడుతున్న పెద్దవాళ్ల కోసం రాస్తున్నది. రెండోది, సిగరెట్ అలవాటే లేనివాళ్లు దీని జోలికి పోకండి. నికోటిన్ ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం ఎంత కష్టమో ఈ కుర్రాళ్లని చూస్తూనే ఉన్నాను.

ముందు లెక్క చూద్దాం

బ్యాటరీ మీద 1000 ఎంఏహెచ్ (మిల్లీ యాంపియర్ అవర్లు, బ్యాటరీలో ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే కొలత) అని ఉందనుకోండి. చాలా పాడ్ వేప్‌లలో (లిక్విడ్ ఉండే చిన్న డబ్బా, అంటే పాడ్, ఊడదీసి మార్చుకునేవి) 400 నుంచి 1000 మధ్య ఉంటుంది. సెల్లు తీసి మార్చుకునే పెద్ద రకాల్లో 18650 సెల్లు వాడతారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి దానికి ఆ పేరు. ఒక్కోటి 2500 నుంచి 3000 ఎంఏహెచ్ దాకా ఇస్తుంది.

15 వాట్ల దగ్గర మూడు సెకన్లు ఒక దమ్ము లాగితే 45 జౌళ్ల శక్తి పోతుంది. 3.7 వోల్టుల బ్యాటరీలో ఒక ఎంఏహెచ్ అంటే సుమారు 13 జౌళ్లు. అంటే దమ్ముకి దాదాపు మూడున్నర ఎంఏహెచ్ ఖర్చు. వెయ్యి ఎంఏహెచ్ బ్యాటరీతో ఒక 280 దమ్ములు వస్తాయన్నమాట.

ఇప్పుడు ఆన్‌లో ఉండి ఊరికే పడున్న వేప్ సంగతి చూడండి. స్క్రీన్ ఆరిపోయాక లోపలి చిప్ నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు అది తాగే కరెంటు మైక్రో యాంపియర్లలో ఉంటుంది, మిల్లీ యాంపియర్‌లో వెయ్యో వంతుల్లో. ఉదాహరణకి 50 మైక్రో యాంపియర్లు అనుకుందాం. 24 గంటలకి 1.2 ఎంఏహెచ్. దమ్ములో మూడో వంతు. నెలంతా ముట్టుకోకుండా ఉంచితే 36 ఎంఏహెచ్, అంటే పది దమ్ములు. అసలు ఏ సర్క్యూట్‌కీ తగిలించకుండా బల్ల మీద పెట్టిన లిథియం సెల్లు కూడా నెలకి ఒకటి రెండు శాతం తనంతట తానే దిగుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బటన్ ఐదుసార్లు టకటకా నొక్కి ఆఫ్ చేస్తాం కదా, అది టీవీని రిమోట్‌తో ఆపడం లాంటిది. గోడ మీద స్విచ్ కట్టేసినట్టు కాదు. మళ్లీ ఐదు నొక్కులు ఎప్పుడు పడతాయా అని చిప్ కాచుకొని కూర్చోవాలి, అందుకు దానికి ఎంతో కొంత కరెంటు కావాలి. అందుకే మంచి వేప్‌లో ఆన్‌కీ ఆఫ్‌కీ బ్యాటరీ ఖర్చులో తేడా చాలా తక్కువ.

మరి ఛార్జింగ్ ఎక్కడ పోతుంది? స్క్రీన్ వెలుగుతూనే ఉంటే దానికి 15 మిల్లీ యాంపియర్లు అనుకున్నా వెయ్యి ఎంఏహెచ్ బ్యాటరీ 66 గంటల్లో ఖాళీ. అంటే రోజున్నరకే సగం పైగా పోతుంది. జేబులో బటన్ నొక్కుకుపోతే ఇంకా ఘోరం. చాలా వేప్‌లు పది సెకన్లు నొక్కి ఉంచితే తమంతట తామే ఆగిపోతాయి. ఆ పది సెకన్లకి 15 వాట్ల దగ్గర 11 ఎంఏహెచ్ పోతుంది. బస్సులో కూర్చుని లేస్తూ, తాళాల గుత్తి తగులుతూ ఒక ఇరవైసార్లు అలా జరిగిందంటే పావు బ్యాటరీ గోవిందా. మీరు ఒక్క దమ్ము లాగకుండానే.

మీ చేతిలో ఉన్నది ఏ రకం?

ఇది తెలియకుండా పరీక్ష చేస్తే ఫలితం అర్థం కాదు.

బటన్ నొక్కితేనే పనిచేసే రకంలో ఐదు నొక్కులతో ఆన్, ఐదు నొక్కులతో ఆఫ్. కొన్నిటిలో మూడు నొక్కులతో బటన్ లాక్ అవుతుంది. స్క్రీన్ వెలుగుతుంది, రీడింగ్ కనిపిస్తుంది, కాయిల్ మాత్రం వేడెక్కదు. పెన్నులా సన్నగా ఉండే కొన్నిటిలో రెండు నొక్కులకి ప్రీహీట్, అంటే కాయిల్‌ని ముందే వేడిచేయడం, మొదలవుతుంది. జేబులో అనుకోకుండా రెండు నొక్కులు పడటం పెద్ద విషయమేమీ కాదు, అందుకే వాటి విషయంలో ఇంకా జాగ్రత్త.

పీలిస్తే పనిచేసే రకంలో గాలి ఒత్తిడిని పసిగట్టే చిన్న సెన్సార్ ఉంటుంది. నిర్మాణంలో అది ఫోన్ మైకుకి దగ్గరి చుట్టం. ఇది ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, కానీ దానికి కావలసిన కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. చిక్కంతా లిక్విడ్ కారి సెన్సార్ దాకా చేరితే వస్తుంది. అప్పుడు ఎవరో పీలుస్తున్నారని అది పొరబడుతుంది, కాయిల్ దానంతట అదే కాలడం మొదలవుతుంది.

సర్క్యూటే లేని మెకానికల్ రకం ఇంకొకటి ఉంది. ఉత్త గొట్టం, సెల్లు, బటన్. దాంట్లో స్టాండ్‌బై ఖర్చు, అంటే ఊరికే పడున్నప్పుడు అయ్యే ఖర్చు, సున్నా. పది సెకన్లకి ఆపే కటాఫ్ కూడా సున్నా. బటన్ ఇరుక్కుపోతే ఆపేవాడు లేడు. సెల్లుల గురించి బాగా తెలిసినవాళ్లు తప్ప ఎవరూ వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

వాడి పారేసే రకాలకి సాధారణంగా ఆఫ్ స్విచ్ ఉండదు. బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి వాటి అమ్మకం నిషేధించారు కాబట్టి వాటి గురించి ఇక్కడ ఇంతే.

ఇంట్లో చేసే పరీక్ష

మీటర్ అక్కర్లేదు. ఫోన్‌లో నోట్స్, కాస్త ఓపిక చాలు.

1. ఫుల్ ఛార్జింగ్ పెట్టండి. కేబుల్ తీసేశాక గంటసేపు ముట్టుకోవద్దు. ఛార్జర్ నుంచి తీసిన వెంటనే సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది, కాసేపటికి దానంతట అదే కాస్త కిందకి దిగి కుదురుకుంటుంది. అది ఖర్చు కాదు. ఈ గంట ఆగకుండా మొదలుపెట్టి "అదిగో, దిగిపోతోంది" అని కంగారుపడేవాళ్లని చూశాను.

2. పాడ్ లేదా ట్యాంకు తీసి పక్కన పెట్టండి. అది కూర్చునే గుంటలో, బంగారు రంగు పిన్నుల చుట్టూ పొడి టిష్యూతో తుడవండి. ఇయర్ బడ్ తిప్పితే గోధుమరంగు జిగురు అంటుకొస్తుంది. బడ్ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవండి.

3. పాడ్ లేకుండానే ఆన్ చేసి, స్క్రీన్ ఆరిపోయేదాకా ఆగి, శాతమో వోల్టేజో రాసుకోండి. టైమ్ కూడా. పింగాణీ పళ్లెంలో పెట్టి, గది వేడిలో ఉంచేయండి. మధ్యమధ్యలో స్క్రీన్ లేపి చూడకండి, ఆ చూడటానికయ్యే ఖర్చే ఎక్కువ. 24 గంటల తర్వాత మళ్లీ రాసుకోండి.

4. మళ్లీ ఫుల్ ఛార్జింగ్, మళ్లీ గంట విరామం. ఈసారి పాడ్ తగిలించి ఆన్‌లో వదిలేయండి. ఈ విడతకి 24 గంటలు వద్దు, పగలు ఎనిమిది గంటలు చాలు. రాత్రి పడుకునేముందు మొదలుపెట్టకండి. మెలకువగా, ఇంట్లో ఉన్నప్పుడే చేయండి, గంటకోసారి చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా తగిలినా, లైటు తనంతట తాను వెలిగినా పరీక్ష అయిపోయినట్టే. వెంటనే పాడ్ ఊడదీయండి.

5. ఆఖరి విడత పాడ్ తగిలించి, ఐదు నొక్కులతో ఆఫ్ చేసి.

అన్ని రోజులు వాడకుండా ఉండటం కుదరదంటే మిగతా విడతలు కూడా ఎనిమిది గంటలకి కుదించుకోండి. చిన్న తేడాలు అందవు గానీ పెద్ద లోపం ఉంటే ఎనిమిది గంటల్లోనే బయటపడుతుంది.

మీ వేప్‌కి స్క్రీన్ లేకుండా రంగు లైటు మాత్రమే ఉంటే ఇంకో దారి ఉంది. 24 గంటలయ్యాక ఛార్జింగ్ పెట్టి, ఛార్జింగ్ లైటు ఆరడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. కొన్ని నిమిషాల్లో ఆరిపోతే పోయిందేమీ లేదు. మామూలుగా ఖాళీ బ్యాటరీకి పట్టే టైమ్‌లో సగం పడితే సగం దాకా పోయినట్టే.

ఫలితం ఎలా చదవాలి

మూడు విడతల్లోనూ ఒక శాతం అటూ ఇటూ అయితే మీ వేప్ బంగారం. రోజూ ఆఫ్ చేస్తూ, ఆన్ చేస్తూ బటన్ అరగదీసుకోనక్కర్లేదు. ఆ ఒక శాతాన్ని కూడా నమ్మకండి. స్క్రీన్ మీది శాతం చిప్ వోల్టేజ్ చూసి వేసే అంచనా. లిథియం సెల్లు వోల్టేజ్ మొదట్లోనూ చివర్లోనూ గబగబా, మధ్యలో నింపాదిగా దిగుతుంది. అందుకే పరీక్షలన్నీ ఫుల్ ఛార్జింగ్ నుంచే మొదలుపెట్టమన్నాను. కనీసం పోలిక సరిగ్గా ఉంటుంది.

పాడ్ లేనప్పుడు బాగుండి, పాడ్ తగిలించగానే దిగిపోతే లోపం కాయిల్ వైపు ఉంది. పిన్నుల మధ్య లిక్విడ్ చేరిందా, సెన్సార్ తడిసిందా చూడాలి.

ఆన్‌లో దిగి ఆఫ్‌లో దిగకపోతే స్క్రీన్ సెట్టింగుల్లోకి వెళ్లండి. కొత్త మోడళ్లలో గడియారం, కదిలే బొమ్మలు, టచ్ స్క్రీన్, కొన్నిటిలో ఆటలు కూడా పెడుతున్నారు. వేప్‌కి ఆటలెందుకో నాకు అర్థం కాదు, పిల్లల కళ్లు పడటానికి తప్ప. స్క్రీన్ సేవర్ తీసేసి, స్క్రీన్ టైమ్ అన్నిటికన్నా తక్కువకి పెట్టి, వెలుతురు తగ్గించి మళ్లీ పరీక్షించండి.

ఆన్, ఆఫ్, పాడ్ ఉన్నా లేకున్నా, మూడిట్లోనూ దిగిపోతుంటే సెల్లు ముసలిదైపోయింది, లేదా బోర్డులోనే ఎక్కడో కరెంటు కారుతోంది. సీల్ చేసిన వేప్ అయితే విప్పకండి. లోపల మెత్తటి పౌచ్ సెల్లు ఉంటే స్క్రూడ్రైవర్ మొన తగిలినా చాలు, నిప్పంటుకోవడానికి.

మల్టీమీటర్ ఉన్నవాళ్లకి

సెల్లు బయటికి తీయగలిగే వేప్ అయితేనే ఇది చేయండి. మీటర్ వాడటం అలవాటు లేకపోతే ఈ భాగం వదిలేసి ముందుకు వెళ్లండి, మీకు నష్టమేమీ లేదు.

సెల్లుకీ వేప్ లోపలి స్ప్రింగుకీ మధ్య మీటర్‌ని వరసలో కలపాలి. సన్నటి ప్లాస్టిక్ ముక్కకి రెండు వైపులా రాగి టేపు అంటించి, రెండు రేకులూ ఒకదానికొకటి తగలకుండా అంచులు కత్తిరించుకుని, ఒక్కో రేకుకి ఒక్కో సన్న వైరు టంకం పెట్టండి. ఆ ముక్కని సెల్లు మైనస్ కొసకీ స్ప్రింగుకీ మధ్య దూర్చితే కరెంటు మీ మీటర్ గుండా తిరిగి వెళ్లక తప్పదు. సెల్లు పైతొడుగు ఎక్కడైనా చిరిగి ఉంటే ఈ పని అసలు మొదలుపెట్టకండి. ఆ తొడుగు కింద సెల్లు ఒళ్లంతా మైనసే. ప్లస్ కొసకి, ఆ ఒంటికి మధ్య ఉన్నది ఆ పల్చటి పొరే.

ట్యాంకు తీసేయండి. ఫైర్ బటన్ జోలికి పోవద్దు. కాయిల్‌కి వెళ్లే కరెంటు యాంపియర్లలో ఉంటుంది, మీటర్ ఫ్యూజు పుటుక్కుమంటుంది. ముందు 200 మిల్లీ యాంపియర్ల రేంజ్‌లో పెట్టి, వేప్ మేలుకుని, స్క్రీన్ వెలిగి, ఆరిపోయేదాకా చూడండి. అంకె సున్నాకి దగ్గరగా పడిపోతుంది.

ఇక్కడే అందరూ బోల్తాపడతారు. నేరుగా మైక్రో యాంపియర్ల రేంజ్‌కి తిప్పితే తిప్పే క్షణంలో కరెంటు తెగి వేప్ మళ్లీ మొదటి నుంచి మేలుకుంటుంది. మేలుకోగానే దానికి ఎక్కువ కరెంటు కావాలి, చిన్న రేంజ్‌లో మీటర్ దాన్ని అడ్డుకుంటుంది, వోల్టేజ్ పడిపోయి చిప్ మళ్లీ రీసెట్ అవుతుంది. ఇలా స్క్రీన్ వెలిగి ఆరి, వెలిగి ఆరి ప్రాణం విసిగిస్తుంది. ఉపాయం ఏమిటంటే రెండు వైర్లనీ ఒక క్రొకడైల్ క్లిప్ వైరుతో కలిపేసి ఉంచి, ఆ తర్వాత రేంజ్ మార్చి, స్క్రీన్ ఆరాక క్లిప్ తీయండి. అప్పుడు మీటర్ మీద కనిపించేదే అసలు స్టాండ్‌బై కరెంటు.

ఆ అంకె మైక్రో యాంపియర్లలో ఎంత వస్తే దాన్ని 24తో హెచ్చించి వెయ్యితో భాగించండి, రోజుకి ఎన్ని ఎంఏహెచ్ పోతోందో వస్తుంది. పదుల్లో ఉంటే నిశ్చింతగా ఉండండి. వెయ్యి, అంటే ఒక మిల్లీ యాంపియర్ దాకా వచ్చిందంటే రోజుకి 24 ఎంఏహెచ్, ఏడు దమ్ములు. వెయ్యి ఎంఏహెచ్ బ్యాటరీ నలభై రోజుల్లో ఉత్తపుణ్యానికి ఖాళీ. అప్పుడు మాత్రం ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి, ఆఫ్‌లోనూ అంతే వస్తుంటే సెల్లు తీసి దాచండి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ పరీక్ష 18650 సెల్లుతో నడిచే టార్చిలైట్లకి అక్షరాలా పనికొస్తుంది. ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న చవక టార్చిలు కొన్ని బీరువాలో పడుంటూనే సెల్లుని తినేస్తుంటాయి.

ఎప్పుడు తప్పకుండా ఆఫ్ చేయాలి

బల్ల మీద, కళ్లెదురుగా ఉన్నప్పుడు ఆన్‌లో ఉంచండి, ఫరవాలేదు. ఈ కింది చోట్ల మాత్రం ఆఫ్ చేయాల్సిందే. ఛార్జింగ్ మిగలడం కోసం చెప్పడం లేదు, ఒళ్లు కాలకుండా ఉండటానికి చెబుతున్నాను.

జేబులో, బ్యాగులో పెట్టేటప్పుడు. ముఖ్యంగా బిగుతు జీన్స్ వెనక జేబులో, కూర్చుంటే బటన్ మీదే భారం పడుతుంది. తాళాలు, చిల్లర ఉన్న జేబులో విడి సెల్లు వేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. ప్లస్సునీ మైనస్సునీ తాళంచెవి కలిపిందంటే సెకన్లలో సెల్లు నిప్పుకణికవుతుంది. రెండు పౌండ్లు పెడితే ప్లాస్టిక్ పెట్టె దొరుకుతుంది, అందులో పెట్టుకోండి.

దిండు కింద, పరుపు మీద వద్దు. పసిపిల్లలున్న ఇంట్లో అందుబాటులో అసలే వద్దు. పిల్లలు బటన్ నొక్కడం ఒక ఎత్తు, నికోటిన్ లిక్విడ్ నోట్లో పెట్టుకోవడం ఇంకో ఎత్తు. ఇక్కడి చట్టం ప్రకారం ఒక మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాముల దాకా నికోటిన్ ఉండొచ్చు. చిన్నపిల్లలకి కొద్దిగా పోయినా విషమే.

నెలల తరబడి పక్కన పెట్టేసేటప్పుడు కూడా ఆఫ్ చేయాలి. సుమారు 3.2 వోల్టుల దగ్గర వేప్ "ఛార్జింగ్ లేదు" అని ఆగిపోతుంది. కానీ చిప్ అక్కడితో ఆగదు, కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. అప్పటికే అడుగంటిన సెల్లు 2.5 వోల్టుల కిందికి జారితే లోపల పాడవడం మొదలవుతుంది. ఆ తర్వాత ఛార్జింగ్ ఎక్కకపోవచ్చు, ఎక్కినా నమ్మకూడదు. ఎర్ర లైటు కొట్టినప్పుడు డ్రాయరులో పడేసి ఎండాకాలం తర్వాత తీసేవాళ్లు ఇలాగే పోగొట్టుకుంటారు. సగం ఛార్జింగ్ ఉంచి, ఆఫ్ చేసి, పాడ్ తీసి, చల్లటి పొడి చోట పెట్టండి. సెల్లు బయటికి వస్తే తీసి పెట్టెలో పెట్టండి.

చలికాలపు మాయ

జనవరిలో "ఆన్‌లో పెట్టి బయటికెళ్లా, సగం దిగిపోయింది" అనేవాళ్లు ఇక్కడ ఎక్కువవుతారు. చలికి లిథియం సెల్లు లోపల అడ్డు పెరుగుతుంది. బటన్ నొక్కగానే వోల్టేజ్ ఒక్కసారిగా కుంగుతుంది, చిప్ దాన్ని చూసి బ్యాటరీ వీక్ అంటుంది. ఇంట్లోకొచ్చి అరగంట వెచ్చబడ్డాక చూస్తే పోయిందనుకున్న శాతం తిరిగొస్తుంది. కోటు బయటి జేబులో కాకుండా లోపలి జేబులో ఆఫ్ చేసి పెట్టుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. చల్లగా గడ్డకట్టినట్టున్న వేప్‌ని వెంటనే ఛార్జింగ్ పెట్టకండి. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్లు శాశ్వతంగా చెడుతుంది.

ఛార్జింగ్ గురించి ఒక్క మాట. టైప్-సి నుంచి టైప్-సి కేబుల్‌తో ఛార్జింగ్ ఎక్కడం లేదంటే వేప్ పోయిందని అనుకోకండి. చవక బోర్డుల్లో టైప్-సి ఛార్జర్‌ని పలకరించడానికి కావలసిన రెండు చిన్న రెసిస్టర్లు వేయరు. పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న ఛార్జర్‌తో, ఆ కేబుల్‌తో పెట్టి చూడండి. రాత్రంతా వదిలేసి పడుకోవడం మాత్రం మానండి.

ఇంటికి బయల్దేరేటప్పుడు

విమానంలో వేప్‌ని చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. ఇది 2015 నుంచి ఉన్న అంతర్జాతీయ నియమం. సామాను గదిలో దానంతట అది వేడెక్కితే చూసేవాళ్లు ఎవరూ ఉండరు కదా. చేతి సంచిలోనే, ఆఫ్ చేసి ఉండాలి, విమానంలో ఛార్జింగ్ పెట్టకూడదు. ఇది ఒప్పుకున్న దేశాల మధ్య ప్రయాణాల మాట. హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చేటప్పుడు అసలు తేకండి, ఇక్కడే వదిలి రండి. సింగపూర్ మీదుగా వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్త, అక్కడ 2018 ఫిబ్రవరి నుంచి దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఆ కుర్రాడి వేప్

గుంటూరు కుర్రాడిది బటనూ ఉండి, పీల్చినా పనిచేసే రకం. పాడ్ లేకుండా ఆన్ చేసి మా వంటగది బల్ల మీద పెట్టాం. మర్నాడు సాయంత్రానికి 100 శాతం 99 అయింది, అంతే. అప్పుడు పాడ్ తగిలించి గదిలో లైటు ఆర్పేసి చూస్తూ కూర్చున్నాం. ఐదారు నిమిషాలయ్యాక కింద చిన్న తెల్ల లైటు వెలిగింది. ఎవరూ ముట్టుకోలేదు. పది సెకన్లుండి, రెండుసార్లు మిణికి ఆరిపోయింది. నోరు పెట్టే గొట్టం లోంచి సన్నటి ఆవిరి ఒక పోగులా పైకి లేచింది. కాసేపటికి మళ్లీ అదే.

"అన్నా, ఇది నా జేబులో ఉన్నప్పుడు కూడా ఇలాగే..." అని ఆగిపోయాడు.

పాడ్ ఊడదీసి టార్చి వేసి చూస్తే గుంట అడుగున సెన్సార్ కన్నం చుట్టూ లిక్విడ్ నిగనిగలాడుతోంది. పాడ్ తిరగేస్తే కింది రబ్బరు సీలు ఒకవైపు లేచిపోయి ఉంది. తుడిచి, తలకిందులుగా టిష్యూ మీద రాత్రంతా ఆరబెట్టాం. కొత్త పాడ్ వేసి చూస్తే రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు పొద్దున లైటు మళ్లీ దానంతట అదే వెలిగింది. కన్నం దాటి లోపలికి దిగిన తడి ఇక మన చేతికి అందదు.

ఇక్కడ వేప్‌లు అమ్మే షాపు పాతవి వెనక్కి తీసుకోవాలి. చెత్తబుట్టలో వేస్తే లారీలో నలిగినప్పుడు సెల్లు అంటుకుంటుంది. పాడ్ వేరు చేసి, పిన్నుల మీద టేపు అంటించి ఇచ్చాను. పనికి వెళ్తూ షాపులో రీసైక్లింగ్ డబ్బాలో వేసి, డబ్బా ఫోటో తీసి పంపాడు.